మందుకు మొప్ప ఎత్తి చూపించమన్న మనిషి

1963వ సంవత్సరం. అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే మట్టిరోడ్డు మీద, ఇంకో రెండు మైళ్ళు పోతే ఇసుక తగులుతుందనగా, మిషన్ వాళ్ళ చిన్న ఆసుపత్రి ఒకటి ఉండేది. ఇరవై మంచాలు, ఒక డాక్టరు గారు, ఇద్దరు నర్సమ్మలు, ఒక కాంపౌండరు. ఆ కాంపౌండరును నేనే. పేరు మస్తాన్. ఇప్పుడు మందుల షాపుల్లో ఫార్మసిస్టు అంటున్నారే, అప్పట్లో మమ్మల్ని అంత పెద్ద మాటతో ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. డాక్టరు రాసిన చీటీ చూసి మందు కలిపి, సీసాలో పోసి కిటికీలోంచి ఇచ్చేవాడు కాంపౌండరు. మాది చిన్న ఆసుపత్రి కాబట్టి చాలాసార్లు సూది వేసేదీ నేనే.

సొంత డబ్బా అనుకోకపోతే ఒక మాట. మిక్స్‌చర్ కలపడంలో నా చెయ్యి మంచిదని పేరు. మిక్స్‌చర్ అంటే నీళ్ళలో కలిపి ఇచ్చే మందు. ఆ సీసా పక్కన పొడవాటి కాగితం పట్టీ ఒకటి అతికించేవాళ్ళం. పట్టీని మడిచి అంచును కత్తెరతో కత్తిరించి విప్పితే సమానంగా ఆరు గాట్లు పడతాయి. ఆరు గాట్లు, ఆరు డోసులు. చదువు రానివాళ్ళు కూడా ఒక గాటు దాకా తాగి ఆపేవాళ్ళు. నా పట్టీలో గాటుకూ గాటుకూ వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. చేతిపనిలో అంత జాగ్రత్త ఉన్నవాణ్ణి, నోటిపనిలో ఎంత మొద్దునో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మేం రోగులతో మాట్లాడింది ఏముంది గనక! "బాగా ఊపి తాగు. అన్నం తిన్నాక తాగు. ఎల్లుండి రా." ఈ మూడు ముక్కలే. మందు ఏం మేలు చేస్తుందో, ఏం చేటు చేయవచ్చో చెప్పడం మా డాక్టరు గారికి నచ్చేది కాదు. "భయపడి మానేస్తారు మస్తాన్. మానేస్తే చచ్చిపోతారు" అనేవారు. దయగల మనిషి ఆయన. రోగులంటే చులకన ఉండి అన్న మాట కాదది.

నాకూ ఒకసారి చెయ్యి కాలింది. అంతకు రెండేళ్ళ ముందు చినరోశయ్య అని వరికోతల కూలి మనిషి క్షయతో వచ్చాడు. క్షయకు అప్పట్లో పి.ఏ.యస్. అని మాత్రలిచ్చేవాళ్ళం. రోజుకు గుప్పెడు మింగాలి, కడుపులో దేవుతుంది. పాపం ముందే తెలిస్తే మంచిదని, "కడుపులో తిప్పుతుందబ్బా, వాంతులు కూడా కావచ్చు" అని చెప్పాను. తల ఊపి పొట్లం తీసుకుపోయినవాడు మళ్ళీ కనపడలేదు. ఏడాది తిరక్కముందే పోయాడని వాళ్ళ ఊరివాళ్ళు చెప్పారు. నా నోటి దురదే వాణ్ణి చంపిందనుకున్నాను. అప్పటి నుంచి నోరు కుట్టేసుకుని, మూడు ముక్కల కాంపౌండరుగా మిగిలిపోయాను.

అట్లాంటి రోజుల్లో పెంచలయ్య వచ్చాడు. ఫిబ్రవరి నెల. సముద్రం ఒడ్డున పట్టపుపాలెంలో చేపలు పట్టే మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆరడుగుల ఎత్తు, ఒకప్పుడు వెడల్పయిన ఛాతీ, ఇప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. దగ్గితే గుడ్డలో రక్తం. వాళ్ళ పాలెంలో తెప్ప మీద నుంచి వల విసరడంలో అతని తరువాతే ఎవరైనా అని చెప్పుకునేవాళ్ళు. తెప్ప చూడనివాళ్ళకు చెప్పాలి. నాలుగయిదు దుంగలను తాళ్ళతో కలిపి కట్టిందే తెప్ప. కూర్చోవడానికి బల్ల ఉండదు, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. తడిసిన దుంగల మీద, అలల మీద, నిటారుగా నిలబడి వల విసరాలి. కాళ్ళ నిలకడే అతని ఆస్తి.

డాక్టరు గారు చీటీ రాశారు. మూడు నెలల పాటు రోజుకొక స్ట్రెప్టోమైసిన్ సూది. దాంతోపాటు పి.ఏ.యస్., ఐ.యన్.హెచ్. మాత్రలు, ఏడాదికి పైగా. స్ట్రెప్టోమైసిన్ క్షయరోగులకు ప్రాణం పోసిన మందు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కాని దానికో చెడ్డగుణం ఉంది. కొంతమందికి చెవి లోపల ఉండే నిలకడ యంత్రాన్ని దెబ్బ తీస్తుంది. ముందే గుర్తించి ఆపితే సరి, లేకపోతే ఆ మనిషి జన్మంతా తూలుతూ నడవాల్సిందే. కొందరికి వినికిడీ పోతుంది.

నేను ఎప్పటిలాగా మూడు ముక్కలు చెప్పి, పొట్లాలు కిటికీలోంచి తోశాను. పెంచలయ్య వెనక నిలబడ్డ అతని భార్య పోలమ్మ ముందుకొచ్చింది. చేపల గంప చంకలో పెట్టుకుని ఉంది. అల్లూరు వీధుల్లో చేపలమ్మే మనిషి. పొట్లాలు ముట్టుకోలేదు.

"ఈ సూది ఏం చేస్తదన్నా?"

"దగ్గు తగ్గుతుంది. రక్తం ఆగుతుంది. ఒళ్ళు చేస్తాడు."

"అది మంచి. చెడ్డ ఏంది?"

"చెడ్డేముందమ్మా? శ్రేష్ఠమైన మందు. మద్రాసు నుంచి తెప్పిస్తున్నాం."

పోలమ్మ గంప కిందికి దించింది. గంప దించిందంటే ఇక కదలదని నాకు అర్థమైపోయింది.

"అన్నా, నేను చిన్నప్పటినుంచి చేపలమ్ముతుండా. చేప మంచిదే తల్లీ అంటే ఎవురన్నా కొంటారా? మొప్ప ఎత్తి చూపించు అంటారు. ఎర్రగా ఉంటే గంప దింపిచ్చుకుంటారు. నల్లగా ఉంటే నా మొగాన కొట్టి పోతారు. చేపకే అట్టా అడిగితే, మా ఆయన ఒంట్లోకి పొడిచే మందుకి నేను అడగబళ్ళా? నీ మందుకి మొప్ప ఎత్తి చూపించు."

వెనక వరుసలో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది లెండి.

"పెద్ద డాక్టరమ్మవు దొరికావే! వెనక ఎంతమంది ఉన్నారో చూశావా?" అన్నాను.

"ఉండనీ అన్నా. వాళ్ళూ మందుకే గదా వచ్చింది. వాళ్ళూ విననీ."

ఏం చెప్పమంటారు! డాక్టరు గారి మాట ఒకపక్క, చినరోశయ్య ముఖం ఒకపక్క. ఇంకోపక్క ఈవిడ. చివరికి వాళ్ళిద్దర్నీ లోపలికి పిలిచి బల్ల మీద కూర్చోబెట్టాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఈ సూది లేకపోతే పెంచలయ్య బతకడం కష్టం. సూదితో బతికే అవకాశం బాగా ఎక్కువ. కాని కొంతమందికి తల తిరుగుతుంది, చెవుల్లో హోరు పుడుతుంది.

"కొంతమందికంటే?" అంది పోలమ్మ.

"తక్కువమందికే."

"ఆ తక్కువలో మావోడు పడితే?"

"పడ్డ రోజే నాకు చెబితే సూది ఆపేస్తాం. వేరే మందుల మీద నడిపిస్తాం."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే మళ్ళీ తెప్ప మీద నిలబడలేడమ్మా."

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న పెంచలయ్య లేచి నిలబడ్డాడు. "తెప్ప మీద నిలబళ్ళేని బతుకు నాకెందుకే? పద పోదాం" అన్నాడు. ఇంకో చినరోశయ్యను చేతులారా తయారుచేసుకున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను.

పోలమ్మ అతని చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "కూసో. చెడ్డ కూడా చెప్పినాడు గదా ఈ అన్న. చెప్పనోడి చేత పొడిపిచ్చుకునేదానికంటే చెప్పినోడి చేత పొడిపిచ్చుకునేది మేలు. కాళ్ళ సంగతి నేను చూసుకుంటా. నువ్వు చెయ్యి చాపు." పెంచలయ్య మళ్ళీ బల్ల మీద కూర్చుని చెయ్యి చాపాడు. సూది వేసేది చేతికి కాదని నేను చెబితే, అంత బాధలోనూ ఇద్దరూ నవ్వారు.

ఆ రోజు మొదలు. మొదట్లో బావమరిది సైకిలు వెనక కూర్చుని వచ్చేవాడు. నెల గడిచేసరికి తనే నడిచి వచ్చేవాడు. గాజు సిరంజిని నీళ్ళలో మరగబెట్టి, చల్లారేలోగా నేను రోజూ రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి.

"తల తిరుగుతుందా పెంచలయ్యా?"

"తిరగడం లా అన్నా."

"చెవుల్లో హోరు?"

"సముద్రం పక్కన గుడిసేసుకున్నోడికి హోరు లేకుండా ఎట్టుంటదన్నా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వి, అతని కార్డు మీద "లేదు, లేదు" అని రెండుసార్లు రాసేవాణ్ణి. చాలా జాగ్రత్తగా ఉన్నానని మురిసిపోయేవాణ్ణి కూడా. రక్తం ఆగిపోయింది. దగ్గు తగ్గింది. బుగ్గలు పూడాయి. మాత్రలను గంజితో మింగితే కడుపులో తిప్పడం తగ్గుతుందని ఈసారి దగ్గరుండి చెప్పాను. పోలమ్మ వేళకు గంజి కాచి ఇచ్చేది. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, "మీ తెప్ప మనిషి గట్టెక్కేటట్టున్నాడయ్యా" అన్నారు.

యాభై సూదులు దాటాక ఒకరోజు, పెంచలయ్య వచ్చే వేళకు గంట ముందే, పోలమ్మ ఒక్కతే వచ్చింది. గంపలో చేపలు అట్లాగే ఉన్నాయి. అల్లూరు పోవాల్సిన మనిషి దారిలోనే మా దగ్గర ఆగిపోయింది.

"అన్నా, నిన్న ఒక ఇచిత్రం జరిగింది. సాయంత్రం వల బాగు చేసుకుంటా ఉండినాడు. లేసి రెండడుగులేసి గుంజ పట్టుకున్నాడు. ఏందయ్యా అంటే, ఏముందే, ఒడ్డు ఊగతా ఉండాది అన్నాడు."

"ఒడ్డు ఊగడమేమిటి?"

"నీకు తెలవదా? తెప్ప దిగొచ్చినోళ్ళందరికీ ఒడ్డు ఊగద్దన్నా. అలల మీద ఉండి ఉండి వచ్చినారు గదా, రెండు పూటలు నేల ఊగతానే ఉంటది. మాకది దగ్గూ తుమ్మూ లాంటిది, ఎవురూ పట్టించుకోరు. ఆయనా పట్టించుకోలా. నాలుగు రోజులనుంచి ఊగతా ఉండాదంట." ఆవిడ గొంతు తగ్గించింది. "రాత్రంతా నాకు కన్ను మూతపళ్ళా. ఈయన తెప్పెక్కి మూడు నెలలాయ. ఒడ్డు ఎందుకు ఊగాల?"

నా చేతిలో ఉన్న సిరంజి గొట్టం బల్ల మీద పెట్టేశాను. రోజూ నేనడిగిందేమిటి? తల తిరుగుతుందా అని. లేదన్నాడు. అబద్ధం చెప్పలేదు, దాచిపెట్టలేదు. అతని తల తిరగడం లేదు, ఒడ్డు ఊగుతోంది. పుట్టినప్పటి నుంచి తెలిసిన ఊపు అది, మందు వల్ల వచ్చిన ఊపని ఎట్లా అనుకుంటాడు? నేను నా పుస్తకంలో ఉన్న ప్రశ్న అడిగాను. అతని బతుకులో ఉన్న ప్రశ్న అడగలేదు. నాలుగు రోజులుగా ఊగుతున్న మనిషికి నాలుగు సూదులు వేశాను.

పెంచలయ్య రాగానే వరండాలోకి తీసుకుపోయి, పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకోమన్నాను. మూసుకున్నాడు. పది లెక్కపెట్టేలోపే పక్కకు ఒరిగిపోయాడు. నేను ఒకవైపు, పోలమ్మ ఒకవైపు పట్టుకోకపోతే మెట్ల మీద పడేవాడే. డాక్టరు గారు పరుగున వచ్చి చూశారు. సూది ఆ రోజుతో ఆపేశారు.

తరువాత నన్ను గదిలోకి పిలిచారు. ఇవాళ నాకు మూడిందనుకుంటూ వెళ్ళాను.

"దీని సంగతి నువ్వు వాళ్ళకు ముందే చెప్పావా?"

"చెప్పానండి. తప్పయితే క్షమించండి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చెప్పకపోయి ఉంటే ఆవిడ ఈ రోజు ఎందుకు వస్తుంది? తొంభై సూదులూ పూర్తి చేసేవాళ్ళం. అప్పుడు వాడు నేల మీద కూడా నిలబడేవాడు కాదు" అన్నారు. అన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి తన కింద పనిచేసేవాడి ముందు తన మాట మార్చుకోవడం నేను అప్పుడే చూశాను. ఆయన మీద గౌరవం రెట్టింపయింది.

సూది ఆగిందే గాని పెంచలయ్య కోపం ఆగలేదు. "నీ మందు నా కాళ్ళు తినేసింది సాయిబూ" అన్నాడు. అన్నా అనేవాడు సాయిబూ అన్నాడంటే ఎంత మండి ఉంటుందో చూడండి. మాత్రలు కూడా మింగనని మొండికేశాడు. మానేస్తే క్షయ తిరగబెడుతుంది. ఈసారి నేను కిటికీలోంచి మాట్లాడలేదు. వాళ్ళ గుడిసెకే పోయి ఇసుకలో అతని పక్కన కూర్చున్నాను.

"నా కాళ్ళు తిరిగొస్తాయా, రావా? ఒకటే మాట చెప్పు" అన్నాడు.

"కొంత వస్తుంది. ఎంత వస్తుందో నాకు తెలియదు. వస్తుందని ఒట్టేసి చెప్పలేను. కాని మాత్రలు మానేస్తే తెప్ప సంగతి దేవుడెరుగు, మనిషివే ఉండవు. అది మాత్రం ఒట్టేసి చెప్పగలను."

పోలమ్మ లోపలి నుంచి గంజి ముంత, మాత్రలు తెచ్చి అతని ముందు పెట్టింది. సముద్రం వైపు చూస్తూనే పెంచలయ్య ముంత అందుకున్నాడు.

కాళ్ళ సంగతి నేను చూసుకుంటానని మొదటిరోజు అన్నది కదా పోలమ్మ, అది ఉత్తుత్తి మాట కాదు. పాత తెప్ప విప్పేసిన దుంగ ఒకటి ఇసుకలో పడి ఉంటే, రోజూ పొద్దున పెంచలయ్యను దాని మీద నడిపించేది. మొదట చెయ్యి పట్టుకుని, తరువాత వేలు పట్టుకుని, తరువాత వట్టినే పక్కన నడుస్తూ. పాలెంలో జనం నవ్వితే, "రాండి, మీరూ నడవండి, ఎవురు పడతారో చూస్తా" అనేది. ఆ నడక నేనూ చెప్పలేదు, డాక్టరు గారూ చెప్పలేదు. చెవి పోగొట్టిన నిలకడను కళ్ళూ కాళ్ళూ మెల్లగా నేర్చుకుంటాయని తరువాత ఎప్పుడో చదివాను. ఆవిడకు చదవకుండానే తెలిసింది. వైద్యం చేసింది మేమా, ఆవిడా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

మాత్రల గడువు పూర్తయిన తరువాత ఒకరోజు తెల్లవారుజామున పాలెం నుంచి కబురంపారు. నేను పోయేసరికి తెప్పను నీళ్ళలోకి తోస్తున్నారు. ముగ్గురు ఎక్కారు. మధ్యలో పెంచలయ్య. ఇదివరకటి కంటే కాళ్ళు ఎడంగా పెట్టి వంగి ఉన్నాడు. మొదటి అల వచ్చింది, దాటారు. రెండోది వచ్చింది. పోలమ్మ నా పక్కనే నిలబడి ఉంది. అల వంక చూడటం లేదు, తెప్ప వంక చూడటం లేదు, అతని పాదాల వంకే చూస్తోంది. మూడో అల దాటాక అతను మెల్లగా నడుం ఎత్తి, నిటారుగా నిలబడ్డాడు.

"నిలబడినాడన్నా" అంది. అని అక్కడే ఇసుకలో కూలబడి, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమిటి!

అంతా మునుపటిలా అయిందని చెబితే అబద్ధం. చీకటి పడితే కళ్ళ ఆసరా పోయి పెంచలయ్యకు నేల పట్టు దొరికేది కాదు. అందుకని పొద్దుండగానే ఒడ్డుకు వచ్చేసేవాడు. మిగతావాళ్ళు అతని కోసం వేళ మార్చుకున్నారు. ఆ లోటు అతనికి చివరిదాకా ఉంది, దానిలో నా వాటా నాలుగు సూదులు.

ఆ తరువాత నా కిటికీ దగ్గర మూడు ముక్కలు పోయాయి. మందు ఇచ్చే మంచి, చేసే చెడు రెండూ చెప్పడం, చెడు కనిపిస్తే ఏం చేయాలో చెప్పడం, మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళ పని చూసి దానికి తగ్గట్టు అడగడం అలవాటు చేసుకున్నాను. కుట్టుపని చేసేవాణ్ణి "సూదిలో దారం ఎక్కుతోందా?" అని అడిగేవాణ్ణి. పాలెం వాళ్ళను "ఒడ్డు ఊగుతోందా?" అనే అడిగేవాణ్ణి. చినరోశయ్య విషయం కూడా అప్పుడే తెలిసొచ్చింది. నేను నిజం చెప్పినందువల్ల అతను పోలేదు. సగం చెప్పి కిటికీ మూసుకున్నందువల్ల పోయాడు. గంజితో మింగమని ఒక్క మాట, మళ్ళీ వచ్చి నాతో చెప్పమని ఒక్క మాట చెప్పి ఉంటే చాలేది. ఆ రెండు మాటలు నా దగ్గర ఉండి కూడా నేను ఇవ్వలేదు.

తెప్పెక్కిన వారానికి పోలమ్మ మా కిటికీ దగ్గరికి వచ్చి గంప దించింది. మోచేతి పొడవు వంజరం చేప తీసి నా ముందు పెట్టింది. పెంచలయ్య వలలో పడిందట. నేను రెండు చేతులా అందుకుని లోపల పెట్టబోయాను.

"మొప్ప చూడవా అన్నా?" అంది.

"నువ్వు తెచ్చినదానికి కూడా చూడాలా పోలమ్మా?"

"చూడాల. నేను అడిగిన రోజు నువ్వు చూపించినావు గదా."

వెనక వరుసలో పదిమంది ఉన్నారు. వాళ్ళందరి ముందు, బొటనవేలితో మొప్ప ఎత్తి చూశాను. ఎర్రగా ఉంది.